పేరొకరిది, చెయ్యొకరిది

మంచిర్యాల జిల్లా కాసిపేట. మామ ఇక్కడి గనిలో మైనింగ్ సర్దారుగా పనిచేసి రిటైరైన మనిషి, యూనియన్ మీటింగుల్లో నలిగిన గొంతు. అల్లుడు బీటెక్ చదివాడు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ కావడంతో కారుణ్య నియామకం కింద బదిలీ వర్కరుగా చేరాడు. అతనికి బ్లాక్ సబాత్ అంటే ప్రాణం. 1968లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో కలిసిన నలుగురి బ్యాండు అది. హెవీ మెటల్‌కు మొదలు అక్కడే అని లోకం ఒప్పుకున్న పేరు. 1970 నుంచి 2013 వరకు ఆ పేరు మీద వచ్చిన 19 స్టూడియో ఆల్బమ్‌లనూ అల్లుడు వరుసగా మామకు వినిపించాడు, పాటల అర్థం చెబుతూ. వినడం ముగిశాక వాదం మొదలైంది. పాతవే గొప్పవన్నది అల్లుడు. తర్వాతివాటి పక్షం పట్టింది మామ.

అల్లుడు: మామా, నా లెక్క సాఫ్. పంతొమ్మిదిట్ల మొదటి ఆరే బ్లాక్ సబాత్. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి ఆల్బమ్, అదే ఏడు సెప్టెంబర్‌ల ‘పారనాయిడ్’, 1971ల ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’, 1972ల ‘వాల్యూమ్ 4’, 1973ల ‘సబాత్ బ్లడీ సబాత్’, 1975ల ‘సాబొటాజ్’. తర్వాతియన్ని పేరు నిలవెట్టుకునేటందుకు చేసినయి.

మామ: బాయి మూసేటప్పుడు కంపెనీ సుత కారణం జెప్తదిర అల్లుడా. నువ్వు పదమూడింటిని ఒక్క మాటకే మూస్తివి. కారణం జెప్పు.

అల్లుడు: మొదటిదే చూడు. 1969 అక్టోబర్‌ల ఒక్క రోజు, పన్నెండు గంటలల్ల రికార్డింగ్ అయిపోయింది. పైసల్లేవు, టైం లేదు. స్టేజీ మీద వాయించినట్టే వాయించి బయటికి వచ్చిండ్రు. మొదటి పాటల వాన పడ్తది, గంట మోగుతది, ఆ తర్వాత గిటార్ మీద మూడంటే మూడు స్వరాలు. షడ్జం కాంచి ప్రతి మధ్యమం దాకా ఎంత దూరమో, ఆ స్వరాల నడుమ అంత దూరం.

మామ: ప్రతి మధ్యమమా? కళ్యాణి రాగంల ఉండేది గదే గదా. మన భజన మండలిల హార్మోనియం మీద ఎన్నిసార్లు ఇన్నం. దానికి ఎవ్వడు భయపడ్డడు?

అల్లుడు: కళ్యాణిల దాని పక్కనే పంచమం ఉంటది, మనసు అక్కడ కూసుంటది. ఈ పాటల పంచమం దాక పోనియ్యడు. ఆ మధ్యమం మీదనే వేలు పెట్టి ఊపుకుంట నిలవడ్తడు. చెవి ఎదురుచూస్తది, దొరకది. భయం అక్కడ పుడ్తది.

మామ: ఇది ఒప్పుకుంట. అయితే ఒక్క రోజుల జేసుడు గొప్ప గాదు. పేదరికంల జేసిన పని అంతా గొప్పదైతే, ఈ బొగ్గు బెల్టుల గొప్పతనానికి కొదువే లేకపోవు. నువ్వు మురుసుకుంట జెప్పిన వేళ్ల కథ గూడ మల్లొకసారి జెప్పు.

అల్లుడు: టోనీ ఐయోమీ, గిటార్ వాయించేటాయన. ఎడమచేతి వాటం. అంటే తీగలు అదిమి పట్టేది కుడిచెయ్యి. పదిహేడేండ్ల వయసుల షీట్ మెటల్ ఫ్యాక్టరీల పనిచేస్తుండె. ఆ దినం పనికి ఆఖరు రోజు. కుడిచెయ్యి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు మిషన్‌ల పడి తెగిపోయినయి. ఇగ గిటార్ లేదనుకున్నడు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇంటికి వచ్చి జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టు రికార్డు వినిపించిండు. జాంగో చెయ్యి మంటలల్ల కాలితే మిగిలిన రెండు వేళ్లతోని వాయించి పేరు తెచ్చుకున్నోడు. అది విని ఐయోమీ లేచి, ప్లాస్టిక్ సీసా కరగవెట్టి వేళ్లకు తొడుగులు చేసుకున్నడు. పాత జాకెట్ తోలు ముక్క కోసి వాటికి అతికించిండు. గట్టి తీగలు అదమలేడు గనుక బాంజో తీగలు కట్టిండు. ఆ ప్రమాదమే హెవీ మెటల్‌ను పుట్టించింది మామా.

మామ: ఆఖరి మాట నాకు నచ్చలే. ఆ మిషన్ మీద రోజు పనిచేసేది ఆయనేనా?

అల్లుడు: కాదు, ఆయన వెల్డరు. మిషన్ మీది మనిషి ఆ దినం రాకపోతే ఈయనను నిలవెట్టిండ్రు.

మామ: గదీ ముచ్చట. నాగా అయినోని జాగల, పని నేర్పని పోరగాన్ని నిలవెట్టిండ్రు. మన బాయిల ఆథరైజేషన్ లేనోడు మిషన్ ముట్టుకుంటే నేను అక్కడికక్కడ ఆపి రిపోర్టు రాసేటోన్ని. దాన్ని నువ్వు దేవుని లీల లెక్క జెప్తున్నవ్. ప్రమాదం వేళ్లు తీస్కపోతది, అంతే. వేళ్లు పోయినోళ్లు మన లైన్లల్ల ఎంతమంది లేరు? అందరు ఐయోమీలైండ్రా? ఫోర్‌మన్ రికార్డు పట్టుకొని ఇంటికి అచ్చిండు, అది ఒకటి. పోరడు కూసుండి తొడుగులు జేసుకున్నడు, అది రెండు. తన చేతికి తగ్గట్టు పనిముట్టును మార్చుకున్నడు, అది మూడు. పాట పుట్టింది ఈ మూడింటికెల్లి.

అల్లుడు: సరే, నీ మాటకు సాక్ష్యం నేనే ఇస్త. మొదటి రెండు ఆల్బమ్‌లు మామూలు శ్రుతిలనే ఉన్నయి. తీగలు వదులు చేసి శ్రుతి మూడు మెట్లు కిందికి దించింది 1971ల, ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ల. అంటే వేళ్లు పోయినంక ఆరేండ్లకు. తీగ వదులైతే వేలికి నొప్పి తక్కువ, మోత లోతు ఎక్కువ. బాస్ వాయించే గీజర్ బట్లర్ కూడ తన తీగలు అంతే దించిండు.

మామ: చూసినవా? ఆరేండ్లు వెతుక్కున్నడు. దాన్ని ఒక్కనాటి దెబ్బకు కట్టవెడ్తివి.

అల్లుడు: ఆ దించిన శ్రుతి కాంచే తర్వాత ఎన్నో తొవ్వలు చీలినయి. డూమ్ మెటల్ పూరాగ దాని మీదనే నిలవడ్డది. డెత్ మెటల్ వాళ్లు ఇంకా కిందికి దించిండ్రు. మన హైదరాబాద్ కాంచే ‘గాడ్‌లెస్’ అనే డెత్ మెటల్ బ్యాండు ఉన్నది. 2016ల ఒక చిన్న రికార్డు, 2018ల ఇంకోటి, 2021ల ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అని పూర్తి ఆల్బమ్ తెచ్చిండ్రు. దేశం దాటి విన్నరు వాళ్లను.

మామ: ఇనిపించినవ్ గదా. ఆ ఒర్లుడు నాతోని గాదు. డ్రమ్ములు మాత్రం సాఫ్‌గ ఉన్నయి. మల్ల నీ ఆరింటికి రా. ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ మొదట్ల దగ్గు ఇనవడ్డది జూడు, అది నాకు మస్తు నచ్చింది. దుమ్ములకెల్లి పైకచ్చినోని దగ్గు.

అల్లుడు: అది బాయి దగ్గు కాదు మామా. ఐయోమీ గంజాయి దమ్ము కొట్టి దగ్గితే దాన్నే రికార్డు చేసి పాటకు మొదలు పెట్టిండ్రు. పాట కూడ గంజాయి మీదనే.

మామ: థూ. మంచిగ ఇన్న దాన్ని చెడగొట్టినవ్.

అల్లుడు: కానీ నా అసలు కారణం చేతిల లేదు, మాటల ఉన్నది. ఆ నలుగురు ఆస్టన్ అనే కార్మికవాడ పోరగాళ్లు. పాడే ఆజీ ఆస్‌బోర్న్ తండ్రి టూల్‌మేకర్, నైట్ షిఫ్టులు. ఆజీ కబేళాల పనిచేసిండు, కార్ల హారన్లు శ్రుతి చేసే పని చేసిండు, దొంగతనం చేసి ఆరు వారాలు జైల్ల ఉన్నడు. అసొంటోళ్లు పాడితే ఏం పాడాలె? ‘పారనాయిడ్’ల మొదటి పాట వియత్నాం యుద్ధం కాలంది. పెద్దోళ్లు యుద్ధం మొదలువెడితే పేదోళ్ల పిల్లలు చస్తరని దాని సారం. అదే ఆల్బమ్‌ల ఇంకో పాట, యుద్ధం కాంచి మత్తుమందుకు అలవాటయి తిరిగొచ్చే సిపాయిల మీద. ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ల ఆఖరి పాట, భూమిని ఖరాబు చేసి రాకెట్లు ఎక్కి పారిపోయే మనుషుల మీద. 1971లనే.

మామ: ఆ మాటలన్ని రాసింది ఆ హారన్ల పోరడేనా?

అల్లుడు: కాదు. దాదాపు అన్ని రాసింది గీజర్ బట్లర్.

మామ: ఆయన ఏ మిషన్ మీద ఉండె?

అల్లుడు: మిషన్ కాదు... అకౌంట్ల పని నేర్చుకుంటుండె. ఆఫీసుల.

మామ: అట్ల జెప్పు! మాట రాసినోడు ఆఫీసు మనిషి. నువ్వు ఫ్యాక్టరీ పొగల పాట పుట్టిందని నాకు జెప్తున్నవ్.

అల్లుడు: ఆఫీసుల కూసున్నోనికే జీతాల లెక్క కనవడ్తది మామా. ఏడుగురు పిల్లలున్న ఐరిష్ క్యాథలిక్ ఇంట్ల ఆఖరోడు. భక్తి ఉన్న మనిషి, చిన్నప్పటికెల్లి మాంసం ముట్టనోడు. సైతాను బ్యాండు అని పేరు పడ్డది గానీ, ఆయన రాసింది సైతాను జోలికి పోకుండ్రని. మూడో ఆల్బమ్‌ల ఒక పాట నేరుగ దేవుని పక్షమే. నలుగురికి అల్యూమినియం శిలువలు చేసిచ్చింది ఆజీ తండ్రి. మెడల అవే వేసుకొని తిరిగిండ్రు. బ్యాండు పేరు కూడ 1963ల వచ్చిన దయ్యాల సినిమా పేరు, అంతే.

మామ: కొడుకు మెడల తాయెత్తు కట్టి బాయికి పంపినట్టే. ఆ ముసలాయన నాకు నచ్చిండు. సరే, మిగిలిన మూడు జెప్పు. ఆ మూడింట్ల పేదరికం లేదు గదా.

అల్లుడు: లేదు. ‘వాల్యూమ్ 4’ లాస్ ఏంజిలిస్‌ల చేసిండ్రు, కొకైన్ మత్తుల. ‘సబాత్ బ్లడీ సబాత్’కు ఐయోమీకి ఒక్క రిఫ్, అంటే మల్ల మల్ల వచ్చే గిటార్ వరుస, తోచలే. ఇంగ్లండ్ వాపస్ వచ్చి క్లియర్‌వెల్ అనే పాత కోటల, కింది గదిల కూసున్నంక వచ్చింది. ‘సాబొటాజ్’ చేసేటప్పుడు పాత మేనేజ్‌మెంట్‌తోని కోర్టు కేసులు. స్టూడియోకే వకీలు కాయిదాలు వచ్చేటివి. ఆఖరి పాట ఆ కోపంతోని పుట్టిందే.

మామ: ‘సాబొటాజ్’ మీద మనకు పంచాది లేదు. పైసలు తినబెట్టుకొని కోర్టుల చుట్టూ తిరుగుకుంట సుత పని ఆపలే. దాని తర్వాతి రెండు, 1976ది, 1978ది...

అల్లుడు: ‘టెక్నికల్ ఎక్‌స్టసీ’, ‘నెవర్ సే డై’.

మామ: ఆ రెండింటికి నేను గూడ అడ్డం పడ. ఎవ్వని మనసు పని మీద లేదని చెవికి తెలుస్తది.

అల్లుడు: మయామిల ‘టెక్నికల్ ఎక్‌స్టసీ’ చేసేటప్పుడు పక్క గదిల ‘ఈగల్స్’ బ్యాండు ‘హోటల్ కాలిఫోర్నియా’ ఆల్బమ్ చేస్తున్నరట. వీళ్ల మోత గోడ దాటి పోతుంటే వాళ్లు రికార్డింగ్ ఆపుకున్నరని ఐయోమీ చెప్పుకున్నడు.

మామ: మోత గోడ దాటింది గానీ ఆల్బమ్ దాటలే. ఇగ నా వంతు. 1979ల ఆజీని తీసేసిండ్రు. 1980ల రానీ జేమ్స్ డియో అచ్చిండు, అమెరికా మనిషి. ‘హెవెన్ అండ్ హెల్’. నీ ఆరింట్ల ఇంత నిండైన గొంతు ఏదిర? గిటార్ సుత మల్ల లేచి నిలవడ్డది. ఎనిమిది ఆల్బమ్‌ల అలుపు దులుపుకున్నట్టున్నది.

అల్లుడు: ఆల్బమ్ మంచిదే. కానీ అది బ్లాక్ సబాత్ కాదు. ఆజీ గిటార్ తోవల్నే పాడేటోడు, రిఫ్ ఎటు పోతే గొంతు అటే. డియో రిఫ్ మీద ఇంకో పాట కట్టేటోడు. పైగా మాటలు డియోనే రాసుకున్నడు. యుద్ధం పోయింది, పొగ పోయింది. ఇంద్రధనుస్సులు, రాజులు, రాక్షసులు వచ్చినయి. మనిషి మారిండు, మాట మారింది. మల్ల పేరు మాత్రం పాతదే ఎందుకు?

మామ: మీ నాయిన అన్‌ఫిట్ అయితే ఆయన జాగల నువ్వు దిగుతున్నవ్. నీది నకిలీ డ్యూటీ అని ఎవడన్న అన్నడా?

అల్లుడు: నేను మా నాయిన పేరు పెట్టుకొని దిగుతలేను మామా. నా మస్టర్ల నా పేరే ఉన్నది. జాగ ఆయనది, పేరు నాది. వాళ్లు కూడ అట్లనే చేయాల్సి ఉండె.

మామ: ... మంచి మాటనే అన్నవ్.

అల్లుడు: ఐయోమీకి కూడ తెలుసు ఆ సంగతి. 1986ల ‘సెవెంత్ స్టార్’ తన సొంత ఆల్బమ్‌గ చేసిండు, గ్లెన్ హ్యూస్ పాడిండు. పాత నలుగుర్ల ఆయన ఒక్కడే మిగిలిండు. రికార్డు కంపెనీ, మేనేజ్‌మెంట్ ఒప్పుకోలే. పాత పేరైతేనే అమ్ముడువోతదని ‘బ్లాక్ సబాత్, ఫీచరింగ్ టోనీ ఐయోమీ’ అని అట్ట మీద వేసిండ్రు. తన ఇంటి పేరు కింద తననే చుట్టం లెక్క రాసిండ్రు.

మామ: గదే నా వాదం గూడ. పేరు కంపెనోని బోర్డు. బోర్డును చూసి పాటను కొలువకు. నీకే ఒక లెక్క అడుగుత. 1992ల ‘డీహ్యూమనైజర్’ జేసింది ఎవరెవరు?

అల్లుడు: డియో, ఐయోమీ, బట్లర్, డ్రమ్ముల మీద విన్నీ ఆపిస్.

మామ: 2009ల ‘ద డెవిల్ యూ నో’ అని ఇనిపించినవ్. అది బ్లాక్ సబాత్ పేరు మీద లేదంటివి. అండ్ల ఎవరు?

అల్లుడు: అదే నలుగురు. పేరు మాత్రం ‘హెవెన్ అండ్ హెల్’ అని పెట్టుకున్నరు.

మామ: అదే నలుగురు, అదే చెయ్యి, పేర్లు రెండు. బోర్డు మార్చంగనే పాట మారిందా?

అల్లుడు: మారలే. కానీ వాళ్లే పేరు మార్చుకున్నరంటే నా మాట ఒప్పుకున్నట్టే గదా. నువ్వు ఆ సాక్ష్యాన్ని నీ దిక్కు లాగలేవు.

మామ: ఇద్దరి దిక్కు ఉన్నది ఆ సాక్ష్యం. పక్కకు వెట్టు. 1983ల గిలన్ పాడిన ‘బార్న్ ఎగైన్’ గూడ పక్కకు వెట్టు. ఆ స్టేజీ రాళ్ల ముచ్చటకే నవ్వి నవ్వి సచ్చిన.

అల్లుడు: స్టోన్‌హెంజ్ రాళ్లు! అడుగులల్ల చేయమంటే మీటర్లల్ల చేసిండ్రని చెప్తరు. చాలా హాల్లల్ల పట్టలేదు.

మామ: మా సర్వేయర్ ఇంటే ఏడుస్తడు. సరే, ఇప్పుడు నా మనిషి. టోనీ మార్టిన్. నీ పోరగాళ్ల జమాతుల ఆయన పేరు ఎవ్వడన్న ఎత్తుతడా?

అల్లుడు: ఎత్తరు.

మామ: ఆజీ తొమ్మిది పాడిండు, డియో మూడు. టోనీ మార్టిన్ ఐదు. 1987ల ఒకటి, 1989ల ‘హెడ్‌లెస్ క్రాస్’, 1990ల ‘టీర్’, 1994ల ‘క్రాస్ పర్పసెస్’, 1995ల ‘ఫర్‌బిడెన్’. మొదటిదాంట్ల వేరేటాయన పాడి పోతే, ఆ పాటలన్ని మల్ల పాడి పని ఎల్లదీసిండు. డియో తిరిగి అస్తనంటే ఈయనను పక్కకు వెట్టిండ్రు. డియో పోంగనే మల్ల పిలిచిండ్రు. 1997ల ఆజీ అచ్చిండు, ఈయన పని ఖతం. ఎన్నడు రెగ్యులర్ జెయ్యలే. బదిలీ వర్కరు బతుకు నీకు తెల్వదా? నీకన్న ఎక్కువ ఎవనికి తెలుస్తది?

అల్లుడు: మామా, నన్ను అడ్డం పెట్టుకొని గెలుద్దామని చూడకు. ‘హెడ్‌లెస్ క్రాస్’ నాకు కూడ ఇష్టమే. కోజీ పావెల్ డ్రమ్ములు గుండెల కొడ్తయి. కానీ మాట చూడు. ఇరవై ఏండ్లు లోకమంతా వీళ్లను సైతాను మనుషులన్నది. అప్పుడు వీళ్లు పాడింది యుద్ధం, విషం, చావు. 1989ల ఈ ఆల్బమ్‌ల మాత్రం నిజంగనే సైతాను పేరు నిండిపోయింది. ఐయోమీకే మొఖం మొత్తింది. తర్వాతిదాంట్ల వద్దంటే మార్టిన్ ఉత్తరదేశాల దేవతల కథలు పట్టుకున్నడు. లోకం అన్న నిందనే నిజం చేసి అమ్ముకుంటే, అది నిలబడే మాటనా?

మామ: గిదేర మన ఇద్దరి నడుమ ఉన్న సందు. నీకు ఇంగ్లీషు అస్తది, నువ్వు మాట ఇంటవ్. నాకు రాదు, నేను చెయ్యి ఇంట. మాట ఎవడు రాసినా, గొంతు ఎవనిదైనా, పంతొమ్మిదిట్ల ఒక్క చెయ్యి మారలే. ఐయోమీ చెయ్యి. బట్లర్ పోయిండు అచ్చిండు, డ్రమ్ముల బిల్ వార్డ్ పోయిండు అచ్చిండు, ఆజీ పోయిండు అచ్చిండు. ఆ చెయ్యి ఒక్క షిఫ్టు నాగా లేదు. ‘ఫర్‌బిడెన్’ అందరు తిట్టిన ఆల్బమ్. ర్యాప్ మెటల్ బ్యాండు గిటారిస్టును ప్రొడ్యూసర్‌గ వెట్టుకొని ఆగమైండ్రు. దాన్ని 2024ల ఆ మనిషి మల్ల మిక్సింగ్ జేయించి ఇడిసిండు. ఇరవై తొమ్మిదేండ్లకు! తన చెడ్డ పనిని సుత వదిలిపెట్టనోన్ని నువ్వు పేరు నిలవెట్టుకునేటోడంటవా?

అల్లుడు: ఆ మాట వాపస్ తీసుకుంట. చెయ్యి నిజాయితీది. కానీ చెయ్యి దేనిగురించి పనిచేస్తుందో నేను అడుగుత. అందుకే 2013 ఆల్బమ్ నా లెక్కల ఏడోది. ‘13’. ఆజీ, ఐయోమీ, బట్లర్. మాటలు మల్ల బట్లర్‌వే ఎక్కువ. ఐయోమీకి లింఫోమా అని తేలింది, చికిత్స తీసుకుంటనే వాయించిండు. ఇంగ్లండ్‌ల మొదటి నంబరు అయింది, ‘పారనాయిడ్’ తర్వాత 43 ఏండ్లకు. అమెరికాల మొదటి నంబరు అయితే వాళ్ల బతుకుల అదే మొదటిసారి.

మామ: ఇప్పుడు నేను మూస్త ఒకటి. అది బ్లాక్ సబాత్ గాదు.

అల్లుడు: పదమూడింటిని వెనకేసుకొచ్చినోడివి, దీన్ని కాదంటవా?

మామ: బిల్ వార్డ్ ఏడి? మొదటి దినం కాంచి డ్రమ్ముల మీద ఉన్నోడు. ఎందుకు రాలే?

అల్లుడు: సంతకం పెట్టదగిన కాంట్రాక్టు ఇస్తలేరని 2012ల ఆయనే బయటికి చెప్పిండు. తర్వాత ఆజీ దిక్కుకెల్లి, ఆయన ఒళ్లు అంత పెద్ద టూర్‌కు సహకరించదని అన్నరు.

మామ: మెడికల్ అన్‌ఫిట్! కాంట్రాక్టు అడిగినోన్ని అన్‌ఫిట్ జేసుడు నేను ఇన్నదే. ఎవరిది తప్పో నేను తీర్పు జెప్ప. మనిషి తనంతట తాను పోతే జాగల ఇంకోడు దిగుతడు, అది వేరు. నలుగురు మల్ల కలిసిండ్రని డప్పు కొట్టి, ముగ్గురే దిగి, నాలుగో జాగల కిరాయి మనిషిని కూసోవెట్టుడు వేరు. టోనీ మార్టిన్ ఉన్నప్పుడు ఆల్బమ్ పాత నలుగురిదని ఎవ్వడు అబద్ధం ఆడలే.

అల్లుడు: ఆ కూసున్నది బ్రాడ్ విల్క్, ‘రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్’ డ్రమ్మర్. మంచిగనే కొట్టిండు.

మామ: మంచిగనే కొట్టిండు, గడియారం లెక్క. వార్డ్ కొడ్తుంటే దెబ్బ ఒక రవ్వ ఎనుకకు పడ్తది, ముందుకు ఉరుకుతది. అది లేదు అండ్ల. ఇంకోటి. ప్రొడ్యూసర్ ఏం జెప్పిండు వాళ్లకు?

అల్లుడు: రిక్ రూబిన్. మీ మొదటి ఆల్బమ్ మల్ల వినుండ్రి, ఆ మనసుతోని వాయించుండ్రి అన్నడు. ఆఖరి పాట చివర్ల మొదటి ఆల్బమ్ మొదట్ల ఉన్న వాన, గంట మల్ల వస్తయి.

మామ: గదే. తమ పాత పనికి తామే నకలు తీసిండ్రు. ‘టీర్’ల దేవతలు నీకు నచ్చకపోవచ్చు గానీ, అప్పుడు ఆ చెయ్యి ఎనుకకు చూడలే.

అల్లుడు: మాట కాదు, చెయ్యి ఇంటనంటివి. ఇప్పుడు చెయ్యిని ఒదిలి మనిషిని పట్టుకున్నవ్. నీ కొలత మారింది మామా.

మామ: మారలే. పనిల ఎవడున్నడన్నదే నా కొలత, ఎప్పుడైనా.

అల్లుడు: అట్లయితే 2025 జూలై 5కు నువ్వేమంటవ్? బర్మింగ్‌హామ్‌ల, ఆస్టన్‌ల ఉన్న విల్లా పార్క్ స్టేడియంల, వాళ్ల ఇంటి ముంగటనే అనుకో. నలుగురు, వార్డ్‌తోని సహా. ఆజీ లేచి నిలవడలేడు, సింహాసనం మీద కూసుండి పాడిండు. లాభమంతా పిల్లల దవాఖానకు, పార్కిన్సన్ రోగం పరిశోధనకు, పిల్లల సంరక్షణ కేంద్రానికి. పదిహేడు రోజులకు, 22న ఆజీ పోయిండు. ఆనాడు నాలుగే పాటలు కొట్టిండ్రు. నాలుగూ నా మొదటి రెండు ఆల్బమ్‌ల పాటలే. వాళ్లే తేల్చిండ్రు కదా ఏది బ్లాక్ సబాతో?

మామ: ఆ నలుగురు కలిసినప్పుడు ఆ నలుగురి పాటలు కొడ్తరు. డియో పాట ఆజీ పాడ్తడా? 2010లనే డియో పోయిండు, లేకపోతే ఆయన స్టేజీ మీద వేరే నాలుగు పాటలు అస్తుండె. దానితోని ఏది తేలది. ఒకటి మాత్రం ఒప్పుకుంట: అది సరైన ముగింపు. వార్డ్ ఉన్నడు గనుక.

అల్లుడు: ఇద్దరం ఒప్పుకునేది ఒక్క ఆల్బమ్ ఉండదా ఆరు దాటినంక?

మామ: నువ్వే జెప్పు. నా కొలత తెల్సు, నీ కొలత తెల్సు.

అల్లుడు: చెయ్యి నడవాలె, మాట లోకం మీద ఉండాలె... ‘డీహ్యూమనైజర్’. 1992. డియో ఉన్నడు గానీ రాజులు, రాక్షసులు లేరు. మొదటి పాటే కంప్యూటర్‌ను దేవున్ని చేసుకున్న మనిషి మీద. ఇంకోటి టీవీల ప్రార్థనలు అమ్ముకునే పాస్టర్ల మీద. బట్లర్ వాపస్ వచ్చిండు, రాతల చెయ్యి పెట్టిండు. గిటార్ కూడ 1971 తర్వాత ఇంత బరువుగ లేదు. ఇన్నేండ్లు దాన్ని ఆజీ లేడని పక్కకు పెట్టిన.

మామ: నేను డియో ఉన్నడని మెచ్చుకున్న గానీ మాట ఏందో అడగలే. ఇప్పుడు జెప్తున్నవ్. ఆరు దాటినంక, బోర్డు మీద బ్లాక్ సబాత్ అని ఉండి, నీకు నాకు ఇద్దరికి చెల్లుబాటైతున్నది ఇదొక్కటే.

అల్లుడు: అట్లయితే కొత్తగ వినేటోనికి ఇదే ఇద్దామా మొదలు?

మామ: వద్దు. ఇది మనం కొట్లాడి తేల్చుకున్నది. వాడు కొట్లాడకముందే వాని చేతుల పెడితే వానికేం తెలుస్తది? నువ్వు ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఇయ్యి, నేను ‘హెవెన్ అండ్ హెల్’ ఇస్త. రెండు ఇన్నంక వాడు ఎటు దిక్కు నిలవడ్తడో చూద్దాం. నా దిక్కే నిలవడ్తడు.

అల్లుడు: ఇంగ్లీషు రాకపోతే నీ దిక్కు, వస్తే నా దిక్కు.

మామ: అయితే మన బెల్టుల నాకే ఓట్లు ఎక్కువ.